ఉబుంటు ఎక్కిస్తున్నారా? డి డ్రైవ్ బ్యాకప్ కాదు

పోయిన ఆదివారం రాత్రి పదకొండున్నరకి అమీర్‌పేట హాస్టల్ నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, ఉబుంటు వచ్చింది కానీ విండోస్ కనపడట్లేదు." ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు ఎక్కడుందిరా అని అడిగాను. "డి డ్రైవ్‌లో బ్యాకప్ పెట్టానన్నా" అన్నాడు. నాకు అక్కడే అర్థమైపోయింది. వాడికి అర్థం కావడానికి ఇంకో పది నిమిషాలు పట్టింది.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయాక, పక్కన లినక్స్ (విండోస్ లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్, ఉబుంటు అందులో ఒక రకం) పెట్టుకుందామని అడిగేవాళ్లు నా చుట్టూ ఎక్కువయ్యారు. పెట్టుకోండి, మంచిదే. పెన్‌డ్రైవ్ ఎలా చేయాలో, ఏ బటన్ నొక్కాలో వీడియోల్లో కావలసినంత ఉంది. నేను చెప్పేది వేరే.

ముందు బ్యాకప్

సి, డి అని రెండు పేర్లు కనిపిస్తాయి గానీ, చాలా లాప్‌టాప్‌లలో లోపలున్న డిస్క్ ఒక్కటే. ఒకే గదికి మధ్యలో కర్టెన్ కట్టినట్టు. ఇన్‌స్టాలర్‌లో 'ఎరేజ్ డిస్క్' నొక్కితే కర్టెన్‌కి అటున్నదీ ఇటున్నదీ మొత్తం పోతుంది. ఎస్‌ఎస్‌డీ (ఇప్పటి లాప్‌టాప్‌లలో ఉండే చిప్ డిస్క్) అయితే రికవరీ షాపుల చుట్టూ ఎంత తిరిగినా తిరిగొచ్చేది తక్కువ.

బూట్ చెడిపోయిందని, గ్రబ్ (ఆన్ చేయగానే ఏ సిస్టమ్ కావాలో అడిగే మెనూ) రావట్లేదని నా దగ్గరికి తెచ్చినవాటిని దాదాపు అన్నీ బాగుచేసి పంపాను. నేను చేతులెత్తేసినవి మాత్రం ఇవే. దాచుకున్నది కూడా ఆ లాప్‌టాప్‌లోనే దాచుకున్నవాళ్లవి.

కాబట్టి బయటి డిస్క్‌లోకి కాపీ చేయండి. చేశాక అందులోంచి రెండు ఫైళ్లు వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. తర్వాత ఆ డిస్క్ పీకి బీరువాలో పెట్టండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అది తగిలించి ఉంటే, లిస్టులో అది కూడా కనిపిస్తుంది, నిద్రమత్తులో దాన్నే ఎంచుకుంటారు.

ఇంకో రకం కూడా చూశాను. ఉన్న ఒక్క పెన్‌డ్రైవ్‌లోనే బ్యాకప్ పెట్టి, తర్వాత దాన్నే బూటబుల్‌గా, అంటే ఉబుంటు ఎక్కించే పెన్‌డ్రైవ్‌గా మార్చారు. అలా మార్చేటప్పుడు అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది.

తర్వాత తాళంచెవి

కొత్త విండోస్ 11 లాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే, మీరు అడగకపోయినా చాలాసార్లు డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది, అంటే దానికి తాళం పడిపోతుంది. అదే బిట్‌లాకర్. బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే లాప్‌టాప్ సెట్టింగ్స్‌లో) సెక్యూర్ బూట్ లాంటిది కదిలించారో, మర్నాడు నీలం స్క్రీన్ మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీని ఫైల్‌గా డెస్క్‌టాప్ మీద సేవ్ చేసుకున్నవాళ్లు ఉన్నారు. మళ్లీ అదే తప్పు! పెట్టె తాళంచెవి పెట్టెలోనే పెట్టి తాళం వేయడం. కాగితం మీద రాయండి.

కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. అది మీ అకౌంటేనా? మాకు తెలిసినావిడ లాప్‌టాప్‌ని కొన్న షాపులోనే కుర్రాడు వాడి మెయిల్ ఐడీతో సెటప్ చేసిచ్చాడు. కీ వాడి అకౌంట్‌కి పోయింది. ఆవిడ వెతికేసరికి వాడు ఉద్యోగం మానేశాడు.

బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే ఉబుంటు ఇన్‌స్టాలర్ చాలాసార్లు దాన్ని ముందు ఆఫ్ చేసి రమ్మంటుంది. మావాడు ఇక్కడే విసిగిపోయి, పక్కనే పనిచేస్తున్న 'ఎరేజ్' ఎంచుకున్నాడు. విసుగొస్తే లాప్‌టాప్ మూసేసి పడుకోండి. సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేశాక డీక్రిప్ట్ అవడానికి గంటలు పట్టొచ్చు, పట్టనివ్వండి.

ఇక మిగతావి

విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. అది ఉంటే షట్‌డౌన్ పూర్తిగా అవదు, సగం నిద్రలో ఉన్న పార్టిషన్‌లో (డిస్క్‌లో విండోస్ ఉన్న భాగంలో) లినక్స్ నుంచి రాస్తే ఫైళ్లు పాడవుతాయి.

లినక్స్‌కి జాగా ఖాళీ చేయడం విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే చేయండి. 60 జీబీ అయినా ఇవ్వండి.

ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ని (బూట్ అవడానికి కావలసిన ఫైళ్లుండే భాగాన్ని) ఫార్మాట్ చేయొద్దు. చిన్నగా ఉంది, అక్కర్లేదేమో అనుకోవద్దు.

ఇన్‌స్టాలర్‌కి డిస్కే కనపడకపోతే బయోస్‌లో డిస్క్ మోడ్‌ని ఆర్‌ఎస్‌టీ నుంచి ఏహెచ్‌సీఐకి గుడ్డిగా మార్చొద్దు. విండోస్‌ని ముందు సేఫ్ మోడ్‌కి సిద్ధం చేయకుండా మారిస్తే అది లేవదు.

చార్జర్ పెట్టి ఉంచండి. వర్షం పడే రోజు కరెంటుని నమ్ముకోవద్దు.

విండోస్‌లో గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోతే టెన్షన్ పడొద్దు. లినక్స్ టైమ్‌ని యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంచుతుంది, అంతే.

బూట్ పెన్‌డ్రైవ్ పని అయిపోయిందని చెరిపేయొద్దు. 2024 ఆగస్టులో ఒక విండోస్ అప్‌డేట్ తర్వాత చాలామందికి లినక్స్ బూట్ అవడమే ఆగిపోయింది, అలాంటప్పుడు అది అక్కరకొస్తుంది.

లినక్స్ వద్దనుకుంటే నేరుగా ఆ పార్టిషన్ డిలీట్ చేయొద్దు. ముందు బయోస్‌లో విండోస్‌ని మొదటికి తెచ్చి, అది బూట్ అవుతోందో లేదో చూడండి.

వైవాకి ముందు రాత్రి అసలు మొదలుపెట్టొద్దు.

'ఎరేజ్' అనే మాట కనిపిస్తే మౌస్ మీంచి చెయ్యి తీయండి. బీరువా తెరిచి డిస్క్ ఉందో లేదో చూసుకోండి. డి డ్రైవ్ కాదు, బీరువా.