మెల్కుస్ బాటలో ఫైబర్ బాడీ: ఓరుగల్లు ఎండలో రేసు కారు ముక్కు పోయడం

డ్రెస్డెన్‌లో డ్రైవింగ్ స్కూల్ నడుపుతూ రేసులు ఆడిన హైన్జ్ మెల్కుస్ 1969లో ఆర్‌ఎస్ 1000 అనే స్పోర్ట్స్ కారు తెచ్చాడు. ఇంజన్ తూర్పు జర్మనీ వార్ట్‌బర్గ్ కారుది: మూడు సిలిండర్లు, టూ స్ట్రోక్, 992 సీసీ. దానికి మూడు కార్బురేటర్లు పెట్టి 50 హార్స్‌పవర్‌ను 70 దాకా లాగి, సీట్ల వెనక బిగించారు. 1979 దాకా తయారైనవి 101 కార్లే. అన్ని తక్కువ బండ్లకు రేకు నొక్కే డైలు చేయిస్తే ఎవరికీ గిట్టదు. బాడీకి ఫైబర్ (రెజిన్ అనే ద్రవంతో గట్టిపరిచిన గాజు పీచు) వాడటంలో లాభం అక్కడే. వరంగల్‌లో పోటీకి ఒకే కారు కట్టే ఇంజనీరింగ్ విద్యార్థులకూ లెక్క ఇదే.

ముందు ప్యాటర్న్, అంటే ముక్కు ఆకారపు నమూనా. థర్మకోల్‌తో చెక్కేటట్టయితే దాని మీద పీఓపీ, పుట్టీ పట్టించాలి. పాలియెస్టర్ రెజిన్ నేరుగా తగిలితే థర్మకోల్ కరిగిపోతుంది. మూలలు కనీసం 6 మి.మీ. గుండ్రంగా, పక్కలు రెండు మూడు డిగ్రీలు వాలుగా ఉండాలి, లేకుంటే ముక్క మౌల్డు (అచ్చు)లోంచి రాదు. వాటర్ పేపర్ 220 నుంచి 1200 దాకా పట్టండి. ప్యాటర్న్ మీద గీత ఉంటే మౌల్డులోనూ, కారు మీదా అదే గీత. సగం శ్రమ ఇక్కడే పోవాలి.

ప్యాటర్న్ మీంచి తీసే మౌల్డు, ముక్కకు రెండింతల మందం ఉండాలి. ముక్క అంటుకోకుండా కొత్త మౌల్డుకు వ్యాక్స్ ఐదారు పూతలు, ఆపైన పీవీఏ (నీళ్లలో కరిగే పలుచని పూత).

ఒకటిన్నర చదరపు మీటర్ల ముక్కుకు జెల్ కోట్ (పైకి కనిపించే మొదటి పూత) 900 గ్రాములు, 300 మ్యాట్ (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే గాజు పీచు చాప) ఒక పొర, 450 మ్యాట్ రెండు పొరలు. మ్యాట్ మొత్తం 1.8 కిలోలు. రెజిన్ దానికి రెండున్నర రెట్లు, అంటే 4.5 కిలోలు, వృథాకు ఇంకో అరకిలో కొనండి. ముక్క ఏడు కిలోల పైచిలుకు తూగుతుంది.

మన దగ్గర పని చెడేది ఎక్కువగా ఎండవల్లే. మే నెలలో మధ్యాహ్నం కలిపిన రెజిన్ బ్రష్ ముంచేలోపే గడ్డకడుతుంది. దానికి భయపడి చాలామంది రెజిన్‌ను గట్టిపరిచే హార్డ్‌నర్ తగ్గిస్తారు. అది 1 శాతం కంటే తగ్గితే ముక్క నెల దాటినా జిగటగానే ఉంటుంది. తగ్గించాల్సింది గడ్డకట్టడాన్ని వేగం చేసే కోబాల్ట్ ద్రావణం. కాబట్టి కోబాల్ట్ కలపని రెజిన్ అడిగి తెచ్చుకోండి. 100 గ్రాముల రెజిన్‌కు కోబాల్ట్ కలిపి, తర్వాత 1 గ్రాము హార్డ్‌నర్ వేసి చూడండి. 15–20 నిమిషాల్లో గడ్డకట్టాలి. పని తెల్లవారుజామున మొదలుపెట్టి, వెడల్పు ట్రేలో అరకిలో చొప్పున కలుపుకోవాలి. లోతు మగ్గులో కలిపితే దాని వేడికే అది పొగలు కక్కుతుంది.

కోబాల్ట్, హార్డ్‌నర్ నేరుగా కలిస్తే పేలుతుంది. రెండు సీసాలూ ఒక్క చోట పెట్టొద్దు. హార్డ్‌నర్ చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు, అద్దాలు తప్పనిసరి. పడితే 15 నిమిషాలు నీళ్లతో కడిగి ఆసుపత్రికి పరుగెత్తాలి.

జెల్ కోట్ వేలికి జిగటగా తగలాలి గానీ వేలికి అంటి రాకూడదు. అప్పుడే మొదటి మ్యాట్. తొందరపడితే, లేదా కోట్ పలుచనైతే, రెజిన్‌లోని స్టైరీన్ దాన్ని మెత్తబరిచి మొసలి తోలులా ముడతలు తెస్తుంది. ముందు 300 మ్యాట్ వేసి, రోలర్‌తో మధ్య నుంచి అంచులకు గాలి తోయండి. తెల్లగా మిగిలినచోట రెజిన్ చేరలేదని అర్థం. వానకాలంలో మ్యాట్‌ను పాలిథిన్ కవర్‌లోంచి పని వేళకే తీయాలి, చెమ్మ పడితే అంటదు.

అంచులు సగం గట్టిపడ్డప్పుడే బ్లేడుతో కోస్తే గ్రైండర్ దుమ్ము తప్పుతుంది. 24 గంటలయ్యాక చెక్క చీలికలు దోపి, సందులో నీళ్లు పోస్తే పీవీఏ కరిగి ముక్క ఊడొస్తుంది. బిగించేటప్పుడు 6 మి.మీ. బోల్టుకు 8 మి.మీ. రంధ్రం, రబ్బరు వాషర్ వాడండి. ఫ్రేమ్‌కు బిర్రుగా బిగిస్తే మొదటి గుంతకే రంధ్రం చుట్టూ పగుళ్లు పాకుతాయి.