మేక మెదడు నుంచి ప్రోటియోలిపిడ్ తీసే విధానం

మెదడులో నరాల తీగలను చుట్టి ఉండే కొవ్వుపొర పేరు మైలిన్. దాని ప్రోటీన్లలో దాదాపు సగం ఒక్కటే: ప్రోటియోలిపిడ్ ప్రోటీన్ (పీఎల్పీ). పేరుకు ప్రోటీనే గాని నీటిలో కరగదు, క్లోరోఫాం-మిథనాల్ మిశ్రమంలో కరుగుతుంది. ఈ వింత గుణాన్ని చూసే 1951లో జోర్డి ఫోల్చ్-పి, మార్జొరీ లీస్ దానికి ఆ పేరు పెట్టారు. శుద్ధమైన మైలిన్ కావాలంటే చక్కెర ద్రావణాల పొరల మీద అతివేగంగా తిరిగే అల్ట్రాసెంట్రిఫ్యూజ్ యంత్రంలో తిప్పాలి. ఆ యంత్రం లేని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ కాలేజీల్లోనూ క్లోరోఫాం-మిథనాల్‌తో తీసే ఫోల్చ్ పద్ధతి చేయవచ్చు, పొగ లాగే హుడ్ మాత్రం తప్పనిసరి. అయితే చేతికొచ్చేది మొత్తం మెదడు కొవ్వు, దాంతోపాటు ఈ ప్రోటీన్. దాన్ని మైలిన్ అని రికార్డులో రాయకండి.

పని చెడేది చాలావరకు నీటి దగ్గరే. మొదట నీరు ఎక్కువైతే ద్రావణం రెండు పొరలై ప్రోటీన్ మధ్యలో చిక్కుకుంటుంది. బరంపురం సముద్రానికి దగ్గర. వానాకాలంలో మూత వదులుగా పెట్టిన మిథనాల్ సీసా గాలిలోని తేమను లాగేసుకుంటుంది. కొత్త సీసా తెరవండి, గాజు సామాను 110 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టుకోండి.

మటన్ కొట్టులో మెదడు ఒక రోజు ముందే చెప్పి ఉంచుకోండి. కోసిన వెంటనే ఐసు పెట్టెలో పెట్టించుకుని, గంటలోపు ల్యాబ్‌కు చేర్చండి. వయసుతో మైలిన్ మారుతుంది కాబట్టి పాలపళ్ళ పిల్లదా, రెండు పళ్ళ మేకదా అని అడిగి రాసుకోండి. మూడు జంతువుల మెదళ్ళయినా లేకుండా పోలికలు తేల్చకండి. మనిషి కణజాలం జోలికి మాత్రం నైతిక కమిటీ అనుమతి లేకుండా పోకూడదు.

చల్లని పళ్ళెం మీద మెదడును కప్పిన పలచని పొరలు తీసి, రెండు అర్ధగోళాలను కలిపే తెల్లని పట్టీని, దాని కింది తెల్లపదార్థాన్ని కోయండి. ఒక్క మెదడులో చాలకపోతే రెండు మెదళ్ళవి కలపండి, కలిపిన సంగతి రాసుకోండి. బూడిదరంగు పైపొర నుంచి కూడా వేరే నమూనా తీయండి. రెండూ పక్కపక్కనే చేస్తేనే తేడా కనిపిస్తుంది.

తెల్లపదార్థం 5 గ్రాములకు 100 మి.లీ. మిశ్రమం, అంటే రెండు పాళ్ళ క్లోరోఫాంకు ఒక పాలు మిథనాల్, సుమారు 67, 33 మి.లీ. ఇరవై రెట్లు ఎందుకంటే తెల్లపదార్థంలో దాదాపు 70 శాతం, బూడిదపదార్థంలో 80 శాతం పైగా నీరే. పొదుపు చేసి ఐదు రెట్లే పోస్తే ఆ నీటికే పొరలు విడిపోతాయి. ముందు 60 మి.లీ. పోసి గాజు హోమోజినైజర్‌లో మూడు నిమిషాలు మెదిపి, మిగతాది కలపండి. వంటింటి మిక్సీ వాడకూడదు: క్లోరోఫాం ప్లాస్టిక్‌ను తినేస్తుంది, మోటారు నిప్పురవ్వకు మిథనాల్ ఆవిరి అంటుకుంటుంది. పాలిస్టైరీన్, పాలికార్బొనేట్ గొట్టాలూ పనికిరావు. నైట్రైల్ చేతితొడుగుల్లోంచి క్లోరోఫాం నిమిషాల్లోనే దిగుతుంది, చుక్క పడిందంటే వెంటనే మార్చండి.

మిశ్రమంతో ఒకసారి కడిగిన వాట్‌మన్ 1 కాగితంలో వడకట్టండి. వచ్చిన ద్రవం పారదర్శకంగా ఉండాలి. మబ్బుగా ఉంటే నీరు ఎక్కువైందని అర్థం. కొద్దిగా మిథనాల్ కలిపి తేటపడుతుందేమో చూడండి. ఇప్పుడే 10 మి.లీ. విడిగా, కడగకుండా దాచండి. ప్రోటీన్ చూడ్డానికి ఇదే పనికొస్తుంది.

మిగిలిన దానిలో 80 మి.లీ. కొలిచి, ఐదో వంతు, అంటే 16 మి.లీ. 0.9 శాతం ఉప్పునీరు పోయండి. గొట్టాన్ని మెల్లగా తలకిందులు చేస్తూ కలపండి. గట్టిగా ఊపితే నురుగులాంటి మిశ్రమమై రోజంతా విడిపోదు. మంచినీళ్ళకు బదులు ఉప్పునీరు ఎందుకంటే ఆమ్లగుణమున్న కొవ్వులు పైపొరలోకి జారిపోకుండా ఉప్పు పట్టి ఉంచుతుంది. రాత్రంతా 4 డిగ్రీల వద్ద నిలబెడితే కింద సుమారు 58, పైన 38 మి.లీ. తేలుతుంది. మధ్యలో దూదిలాంటి పొర కనిపిస్తే మురికి అనుకుని పారేయకండి, అందులో ప్రోటీనే ఉంటుంది. పైపొర పిపెట్‌తో తీసేసి, క్లోరోఫాం 3, మిథనాల్ 48, నీరు 47 పాళ్ళ మిశ్రమంతో మధ్యభాగాన్ని మెల్లగా కడగండి.

కిందిపొరను ముందే తూచిన ఫ్లాస్కులో 40 డిగ్రీల నీటితొట్టిపై నైట్రోజన్ ఊదుతూ ఆరబెట్టండి. కడిగిన ద్రవాన్ని ఇలా ఆరబెడితే అందులోని ప్రోటీన్ మళ్ళీ కరగని ముద్దయిపోతుంది. అందుకే ఈ భాగం కొవ్వు లెక్కకే. పెద్ద జంతువుల మెదడు లెక్కన 5 గ్రాముల తెల్లపదార్థం నుంచి 0.8 గ్రాముల దరిదాపు, బూడిదపదార్థం నుంచి 0.3 దరిదాపు వస్తుంది. కడగడానికి తీసుకున్న వంతును బట్టి తగ్గించి చూసుకోండి. రెంటికీ ఒకే బరువు వచ్చిందంటే కోతలోనే కలిసిపోయాయి. ఈ కొవ్వును సిలికా పలకపై క్లోరోఫాం, మిథనాల్, నీరు 65:25:4 మిశ్రమంలో పరిగెత్తించి అయొడిన్ ఆవిరి పట్టిస్తే కొలెస్టరాల్ పై అంచు దగ్గర, చక్కెర అతికిన కొవ్వయిన సెరెబ్రోసైడ్ మధ్యలో తేలతాయి. తెల్లపదార్థంలో సెరెబ్రోసైడ్ మచ్చ బాగా దట్టంగా ఉండాలి. మైలిన్‌కు ఆనవాలు అదే.

దాచిన 10 మి.లీ.లో 2 మి.లీ. తీసి నాలుగు రెట్లు చల్లని ఈథర్ కలిపితే ప్రోటీన్ తెల్లగా దిగుతుంది. ఇంటి ఫ్రిజ్‌లో ఈథర్ పెట్టవద్దు, రిలే నిప్పురవ్వకే అంటుకుంటుంది. హుడ్‌లో ఐసు, ఉప్పు కలిపిన పెట్టె చాలు. గడ్డను పూర్తిగా ఎండనివ్వకుండా ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్ ఉన్న బఫర్‌లో కరిగించి 37 డిగ్రీల వద్ద అరగంట ఉంచి, ప్రోటీన్లను సైజును బట్టి విడదీసే జెల్‌లో పరిగెత్తించండి. ఇక్కడే ఎక్కువమంది తప్పు చేసేది: జెల్‌కు ముందు మామూలు అలవాటుగా మరగబెడతారు. ఈ ప్రోటీన్ కణపు పొరను పలుమార్లు దాటే నూనెపాటి గొలుసు, పైగా పామిటిక్ ఆమ్లం అతుక్కుని ఉంటుంది. మరిగితే ముద్దకట్టి జెల్ పైనే ఆగిపోతుంది. సరిగ్గా చేస్తే 25 వేల డాల్టన్ల చుట్టుపక్కల ఒక గీత, దానికింద 20 వేల దగ్గర పలచని రెండోది, డీఎం20 కనిపిస్తాయి. డీఎం20 కూడా అదే జన్యువు నుంచి వస్తుంది, 35 అమైనో ఆమ్లాలు తక్కువ. ఆ పీఎల్పీ1 జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీదుంది. అది రెట్టింపైనా, మారినా పసిపిల్లల్లో మైలిన్ సరిగా ఏర్పడని పెలిజియస్-మెర్జ్‌బాకర్ వ్యాధి రావచ్చు.

క్లోరోఫాం కలిసిన వ్యర్థాన్ని గాజు సీసాలో విడిగా, చీటీ అంటించి నిలవ చేయండి. సింకులో పోయకండి, అసిటోన్ వ్యర్థంలో కలపకండి: క్షారం తోడైతే ఆ రెండూ భగ్గుమని పేలుతాయి.