ఆటలో అరటిపండు కాకుండా: పరధ్యానం పిల్లలకు స్నేహాలు కుదిర్చే పద్ధతి

రావులపాలెం అరటి గెలల మధ్య పెరిగినవారికి ‘ఆటలో అరటిపండు’ అంటే ఎవరో చెప్పనక్కరలేదు. ఆ పిల్లవాడు ఆటలో పేరుకు మాత్రమే ఉంటాడు. అవుటైనా అవుట్ కాదు, గెలిచినా లెక్కలోకి రాదు. మామూలుగా ఆ స్థానం అయిదేళ్ల తమ్ముడిది. పదేళ్లు దాటినా అక్కడే ఉండిపోయే పిల్లలు కొందరుంటారు. తరగతిలో కిటికీ అవతల కొబ్బరి మట్టలను చూస్తూ కూర్చునేవారు, మూడోసారి పిలిస్తే గాని పలకనివారు, అల్లరన్నది ఎరగనివారు.

ఏడీహెచ్‌డీ (ధ్యాస, కుదురు నిలవని ఎదుగుదల సమస్య) అనగానే కుదురు లేని పిల్లవాడే మనకు గుర్తుకు వస్తాడు గాని, కదలకుండా కూర్చుని ధ్యాస నిలపలేకపోవడం కూడా అందులో ఒక రకమే. స్నేహాల విషయంలో ఈ రెండు రకాల కష్టాలు వేరు. మాటకు అడ్డొచ్చి, ఆట చెడగొట్టే పిల్లవాడిని తోటివారు తోసేస్తారు. పరధ్యానంగా ఉండే పిల్లను తోసెయ్యరు, మరిచిపోతారు. పోట్లాట ఉండదు కనుక ఫిర్యాదు రాదు. ఆడపిల్ల అయితే ‘బుద్ధిమంతురాలు’ అన్న పేరు కూడా వస్తుంది, దానితో ఆమె ఒంటరితనం మరికొన్నేళ్లపాటు ఎవరి కంటా పడదు.

ముందు చేయవలసినది సందేహ నివృత్తి. వినికిడి, చూపు, నిద్ర సరిగా ఉన్నాయో లేదో పరీక్షించాలి. చూపు నిలిచిపోయి, భుజం తట్టినా కొన్ని సెకన్లపాటు చలనం లేకుండా ఉండి, తర్వాత ఏమీ జరగనట్టు పని కొనసాగిస్తూ ఉంటే, అది పగటికల కాక ఒక రకం మూర్ఛ కావచ్చు కనుక వెంటనే వైద్యుడికి చూపించాలి. మానసిక సమస్యల నిర్ధారణకు వైద్యులు అనుసరించే అమెరికా గ్రంథం, 2013 నాటి డీఎస్‌ఎం-5 ప్రకారం, ఈ రకం ఏడీహెచ్‌డీ అని చెప్పాలంటే అశ్రద్ధకు చెందిన 9 లక్షణాలలో కనీసం 6, ఆరు నెలలకు తగ్గకుండా, ఇల్లు, బడి వంటి రెండు చోట్లయినా కనిపించాలి. వాటిలో కొన్నయినా 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి. నెమ్మదితనం, మగత, ఊహల్లో మునిగిపోవడం ఎక్కువగా ఉండే స్థితికి 2022లో పరిశోధకులు ‘కాగ్నిటివ్ డిసెంగేజ్‌మెంట్ సిండ్రోమ్’ అనే పేరు సూచించారు గాని, అది ఇంకా అధికారిక నిర్ధారణ కాదు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడికి వచ్చే వైద్య బృందానికి ఈ సంగతి చెప్పవచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే సలహా అడగవచ్చు.

ఈ పిల్లలకు మర్యాద తెలియక స్నేహాలు చెడడం లేదు. ఎలా మెలగాలో అడిగితే చక్కగా చెబుతారు. అవసరమైన క్షణంలో మనసు అక్కడ ఉండదు. ఏడు పెంకులాటలో జట్లు మారినట్టు అందరికీ తెలుస్తుంది, వీడికి తెలియదు. ఎవరో పలకరిస్తే జవాబు అందేలోగా మాట మరో చోటికి వెళ్లిపోతుంది, పలకరించినవారు దాన్ని పొగరనుకుంటారు. అందువల్ల ‘అందరితో కలవరా’ అని ఇంట్లో చేసే ఉపదేశం నా దృష్టిలో వృథా. సాయం ఆట జరుగుతున్న చోటనే, ఆ క్షణంలోనే అందాలి.

గుంపుతో మొదలుపెట్టవద్దు. ఒక్కరినే, నెమ్మదస్తుడైన పిల్లవాడిని, ఇంటికి పిలవండి. వయసు ఒకటి రెండేళ్లు తక్కువైనా ఫరవాలేదు. వంతులవారీగా సాగే ఆట ఎంచుకోండి. అష్టాచెమ్మా ఇందుకు చాలా అనువైనది, ఎందుకంటే గవ్వలు చేతికి వచ్చినప్పుడల్లా ‘ఇప్పుడు నీ వంతు’ అని అవే గుర్తుచేస్తాయి. అతిథి రాకముందే రెండే రెండు మాటలు చెప్పండి: ఏ ఆట ఆడాలో వచ్చినవాడిని అడగాలి, వాడు మాట్లాడేటప్పుడు వాడివైపు చూడాలి. మూడో మాట చెబితే మొదటిది పోతుంది. ఆట మధ్యలో మనసు జారితే పేరు పెట్టి అరవకుండా, ముందే అనుకున్న గుర్తుగా భుజం మీద వేలితో తట్టండి. ముప్పావు గంటకు, ఇద్దరూ ఇంకా ఆడాలనుకుంటుండగానే, జంతికలు పెట్టి ముగించండి. తర్వాత ‘వాడు ఓడిపోయినప్పుడు నువ్వు నవ్వలేదు’ అన్నట్టు, జరిగిన ఒక్క మంచి పనిని చెప్పి ఊరుకోండి.

క్రికెట్ తప్పనిసరి అయితే ఆడించే అన్నయ్యతో ఒక మాట చెప్పాలి. కాలువ గట్టు వైపు బౌండరీ దగ్గర నిలబెడితే ఈ పిల్లవాడు కొంగలను లెక్కపెడుతూ ఉండిపోతాడు, బంతి వెళ్లిపోతుంది, జట్టంతా తిడుతుంది. వికెట్ల వెనక నిలబెడితే ప్రతి బంతికీ పని ఉంటుంది.

బడిలో ‘ఇద్దరిద్దరు జట్టు కట్టండి’ అన్న ఆజ్ఞ వీరికి పెద్ద శిక్ష, చివరికి మిగిలేది వీరే కనుక. జట్లను మాష్టారే నిర్ణయించి రాసి పెట్టాలి, ప్రశ్న అడిగేటప్పుడు ముందు పేరు పిలిచి, చూపు కలిశాకే అడగాలి.

ఇక సంక్రాంతి. ఇంటినిండా చుట్టాలు దిగి, మావయ్యలందరూ ‘ఏ లోకంలో ఉన్నావురా’ అని నవ్వుతుంటే పక్కనున్న పిల్లలకు అదే పేరుగా స్థిరపడుతుంది. ‘అన్నయ్యా, పిల్లల ముందు వాడినలా అనకండి’ అని పండుగకు ముందే ఫోనులో చెప్పడం తల్లికి కష్టమే, అయినా చెప్పాలి. కనుమనాడు కోనసీమలోని జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లేటప్పుడు, అంత జనంలో ఈ పిల్లవాడిని పిల్లల గుంపుకు అప్పగించకుండా, తోడుగా ఒక్క బంధువుల పిల్లవాడిని కుదిర్చి, తప్పిపోతే ఎక్కడ నిలబడాలో ముందే చూపించి, చొక్కా జేబులో ఫోన్ నంబరు పెట్టండి.

వైద్యుడు మందు రాస్తే ధ్యాస మెరుగుపడవచ్చు గాని, మందు ఒక్కటే స్నేహితులను తెచ్చిపెట్టదు; పై ప్రయత్నాలు మానకూడదు. బడికి వెళ్లనని మొండికేయడం, తిండి తగ్గడం, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోవడం వారాల తరబడి కనిపిస్తే మళ్లీ వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. ఇవేవీ లేనప్పుడు ఫలితం చూడడానికి క్యాలెండరు చాలు: పిల్లవాడికోసం ఎవరైనా గేటు దగ్గరకు వచ్చి పిలిచిన రోజున చుక్క పెట్టండి, మూడు నెలల తర్వాత చుక్కలు లెక్కపెట్టండి.