ఇంట్లో కట్టెల ఫైర్‌ప్లేస్: పొగగొట్టం మొదలు బూడిద దాకా

హైదరాబాదులో గట్టి చలి ఉండేది ఏడాదికి రెండు నెలలే అయినా, మొయినాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు కడుతున్న ఇళ్లలోను, ఫామ్‌హౌస్‌లలోను కట్టెల ఫైర్‌ప్లేస్ కావాలని కోరేవారు కనబడుతున్నారు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో శివార్లలో ఉష్ణోగ్రత 10 డిగ్రీల దరిదాపులకు, ఒక్కోసారి అంతకంటే కిందికి దిగుతుంది కనుక ఆ కోరిక సహజమే. అయితే చాలామంది దీనిని హాలు అలంకరణగా భావించి, ముందుగా రాతిపని, చెక్కపని ఎంచుకుని, పొగగొట్టం సంగతి చివర్లో మేస్త్రీకి వదిలేస్తారు. ఆ వరుస మారాలి. మంటను అదుపులో ఉంచడం తేలికే. పొగకు బయటికి, గాలికి లోపలికి సరైన దారి ఏర్పరచడమే కష్టం, ప్రాణాల మీదికి వచ్చే పొరపాట్లు జరిగేదీ అక్కడే.

అపార్ట్‌మెంటులో ఈ ఆలోచన మానుకోవడం మంచిది. పై ఫ్లాట్ల గుండా పొగగొట్టం తీసుకువెళ్లే వీలుండదు, కిటికీలోంచి బయటికి వదిలితే పొగ పై ఇంటివారి గదుల్లోకి చేరుతుంది. సొంత ఇంట్లోనైనా, కట్టేసిన శ్లాబుకు తర్వాత రంధ్రం కొట్టించడం కంటే, బయటి గోడను ఆనుకుని పొగగొట్టం నిలబెట్టడం మేలు. శ్లాబు గుండానే పోవలసి వస్తే, స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి చెప్పకుండా ఒక్క ఇనుప చువ్వను కూడా కోయనివ్వకండి.

పొగగొట్టం ఎత్తుకు అమెరికాలోని భవన నిబంధనలు చెప్పే కొలత మనకూ పనికివస్తుంది: అది పైకప్పును దాటిన చోటి నుంచి కనీసం 3 అడుగులు లేవాలి, చుట్టూ 10 అడుగుల లోపల ఉన్న దేనికన్నా 2 అడుగులు ఎత్తుగా ఉండాలి. మన డాబాల మీద పిట్టగోడ, మెట్లగది, నీళ్ల ట్యాంకు ఉంటాయి కాబట్టి లెక్క వాటి పైఅంచు నుంచి వేసుకోవాలి, లేకపోతే గాలి వాటికి తగిలి సుడి తిరిగి పొగను తిరిగి హాల్లోకి నెడుతుంది. ప్లాస్టిక్ ట్యాంకును, డిష్ కేబుళ్లను గొట్టానికి దూరంగా జరపండి. గొట్టం చతురస్రంగా గాని, పొడవు వెడల్పుకు రెండింతల కంటే తక్కువున్న దీర్ఘచతురస్రంగా గాని ఉంటే, దాని లోపలి వైశాల్యం మంటగూడు ముఖద్వారంలో పదో వంతుకు తగ్గకూడదు. ద్వారం వెడల్పు 30 అంగుళాలు, ఎత్తు 24 అంగుళాలు అయితే గొట్టం లోపల కనీసం 72 చదరపు అంగుళాలు కావాలి. పైన మూత, దానికి జాలీ తప్పనిసరి: వానాకాలంలో నీరు దిగకుండా, పావురాలూ గోరింకలూ గూళ్లు పెట్టకుండా అది కాపాడుతుంది.

రాతి విషయంలో హైదరాబాదువారు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. ఇక్కడ గ్రానైటు, తాండూరు బండ, షాబాదు బండ సులువుగా దొరుకుతాయి కనుక మంటగూడు లోపల కూడా వాటినే పరిపించాలని అనిపిస్తుంది. గ్రానైటులోని క్వార్ట్జ్ రేణువులు తీవ్రమైన వేడికి వ్యాకోచించి రాయిని పగలగొడతాయి, ముక్కలు ఎగిరిపడవచ్చు. తాండూరు, షాబాదు బండలు సున్నపురాయి జాతివి కాబట్టి నేరుగా మంట తగిలితే పొరలుగా విచ్చి చిట్లుతాయి. లోపలంతా వేడికి పగలని ఫైర్ బ్రిక్ అనే ఇటుకతో, వేడిని తట్టుకునే ఫైర్‌క్లే మోర్టారుతోనే కట్టించాలి, మామూలు సిమెంటు ఆ వేడికి పొడిగా రాలిపోతుంది. గూడు ముందు నేల మీద కనీసం 16 అంగుళాలు, ఇరుపక్కలా 8 అంగుళాలు నిప్పు అంటుకోని రాతిని పరచండి. బండలకు తగిన చోటు అదే. చెక్క అంచులను ద్వారానికి కనీసం 6 అంగుళాల దూరంలో ఆపేయాలి. కట్టుబడి బాగా ఆరిన తర్వాతే, మొదటి కొన్నిసార్లు చిన్న మంటలు మాత్రమే వేయాలి.

ఇంకొక మాట. తెరిచి ఉండే ఫైర్‌ప్లేస్‌లో వేడి చాలా భాగం గొట్టం గుండా పైకి పోతుంది. అద్దం తలుపున్న ఇనుప స్టవ్‌ను గూటిలో అమర్చుకుంటే తక్కువ కట్టెలతో ఎక్కువ వెచ్చదనం వస్తుంది, నిప్పురవ్వలు గదిలో పడవు. ఖర్చు కాస్త ఎక్కువైనా నేను దానినే సిఫారసు చేస్తాను.

మంటకు గాలి కావాలి. ఏసీ కోసం అన్ని సందులూ మూసేసిన గదిలో మంట వేస్తే గొట్టం సరిగా లాగదు. ముఖ్యంగా వంటింట్లో ఎలక్ట్రిక్ చిమ్నీ గాని, బాత్రూములో ఎగ్జాస్ట్ ఫ్యాను గాని నడుస్తుంటే అవి ఇంట్లోని గాలిని బయటికి తోడేస్తాయి, ఆ లోటు పూడ్చడానికి పొగగొట్టంలోంచే గాలి, దానితోపాటు పొగ, కార్బన్ మోనాక్సైడ్ వెనక్కి దిగుతాయి. మంట ఉన్నంతసేపు వాటిని ఆపి, ఒక కిటికీని కొద్దిగా తెరిచి ఉంచండి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు కనుక దానిని పసిగట్టే అలారాన్ని హాల్లోను, పడకగదుల దగ్గర కూడా పెట్టాలి. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం ఒకరికి మించి కనబడితే అందరినీ వెంటనే బయటికి తీసుకువెళ్లి 108కి ఫోన్ చేయండి. మిగిలిన నిప్పులను కుంపటిలో వేసి పడకగదిలోకి తీసుకుపోవడం అన్నిటికన్నా ప్రమాదకరం, ఆ పని ఎవరూ చేయకూడదు.

కట్టెల్లో తేమ 20 శాతానికి మించకూడదు. తడి కట్టె ఎక్కువ పొగ విడుస్తుంది, ఆ పొగ గొట్టం గోడలకు చల్లబడి క్రియోసోట్ అనే అంటుకునే నల్లని మసిగా పేరుకుంటుంది. తుమ్మ, సరుగుడు, నీలగిరి, చింత కట్టెలు బాగా మండుతాయి. వాటిని ఫిబ్రవరిలోనే అడితి నుంచి తెచ్చి, చీల్చి, పైన రేకు కప్పి, పక్కలు తెరిచి నేలకు ఎత్తుగా పేర్చితే మన ఎండాకాలమే వాటిని ఆరబెడుతుంది. గోడకు ఆనించవద్దు, చెదలూ తేళ్లూ చేరుతాయి. గన్నేరు కట్టె పొగ విషపూరితం. భోగికి పక్కన పెట్టిన రంగు వేసిన కుర్చీలు, ప్లైవుడ్, సన్‌మైకా ముక్కలు, ప్లాస్టిక్ ఈ గూట్లో వేయకూడదు, వాటి విషవాయువులు ఇంట్లోకే చేరవచ్చు.

వెలిగించే ముందు డ్యాంపర్ (పొగగొట్టం దారిని తెరిచి మూసే రేకు) పూర్తిగా తెరిచి, చుట్టిన కాగితాన్ని మండించి గొట్టం నోటి దగ్గర కాసేపు పట్టుకుంటే లోపలి చల్లని గాలి కదులుతుంది. పెద్ద కట్టెలు కింద, సన్నవి పైన పేర్చి, ఎండు పుల్లలు, కొబ్బరి పీచుతో పైనుంచి అంటించండి. కిరోసిన్, పెట్రోల్, థిన్నర్ వాడవద్దు. ముందు ఇనుప జాలీ తెర ఉంచండి. చున్నీలు, చీర కొంగులు, పిల్లలు మంటకు మూడు అడుగుల దూరంలో ఉండాలి. మంట ఉండగా అందరూ నిద్రపోకూడదు, నిప్పులు పూర్తిగా ఆరేదాకా డ్యాంపర్ మూయకూడదు.

ఏటా నవంబరులో గొట్టాన్ని బ్రష్‌తో శుభ్రం చేయించండి, మసి 3 మిల్లీమీటర్ల మందం చేరితే మధ్యలోనైనా చేయించాలి. గొట్టంలోంచి హోరుమనే శబ్దం వస్తే లోపల మసి అంటుకున్నట్టే: గూటి తలుపులు, దానికి గాలి అందే దారులు మూసి, నీళ్లు పోయకుండా బయటికి వచ్చి 101కి చెప్పండి. వేడి గొట్టం మీద నీళ్లు పడితే అది పగులుతుంది.

బూడిదలో నిప్పు రోజుల తరబడి దాగి ఉంటుంది. దానిని మూత బిగిసే ఇనుప డబ్బాలోకి ఎత్తి, ఇంటికి దూరంగా ఆరుబయట నేల మీద పెట్టి, చల్లారిందని తేలాకే మొక్కల పాదుల్లో పలచగా చల్లుకోవచ్చు. చీపురుతో ఊడ్చి చెత్తబుట్టలోగాని, మున్సిపాలిటీ బండిలోగాని ఎన్నడూ వేయకండి.