షెడ్డులో వేధశాల: వణుకు ఎలా ఆగిందంటే

పెరటి షెడ్డును టెలిస్కోపుతో ఆకాశం చూసే వేధశాలగా మార్చడంలో అందరూ భయపెట్టిన పని, కప్పు పక్కకు జరిగేలా చేయడం, సులువుగానే అయింది. గోడల మీద పట్టాలు, కప్పు కింద చక్రాలు, గాలికి లేవకుండా కొక్కేలు, అంతే.

అసలు తలనొప్పి నేలతో వచ్చింది. చెక్క నేల మీద ట్రైపాడ్ (మూడు కాళ్ల స్టాండు) పెట్టి టెలిస్కోపులో 200 రెట్లు పెద్దదిగా చూస్తుంటే, పక్కన ఎవరు అడుగేసినా శని వలయాలు వణికేవి. బింబంతో పాటు వణుకూ అన్ని రెట్లు పెరుగుతుంది మరి! నేల మధ్యలో చెక్క కోసి, గొయ్యి తవ్వి, టెలిస్కోపును నిలబెట్టడానికి ఇనుప చువ్వలతో కాంక్రీటు స్తంభం పోశాను. స్తంభం చెక్కకి ఎక్కడా తగలకూడదు. చుట్టూ రెండు వేళ్ల ఖాళీ వదిలాను. పురుగులొస్తాయని దాన్ని గట్టిగా మూసేస్తే పనంతా వృథా, మెత్తటి స్పాంజి చాలు. ఇప్పుడు పక్కన నడిచినా బింబం కదలదు. మౌంటు (టెలిస్కోపును పట్టుకుని తిప్పే భాగం) అక్షాన్ని ఖగోళ ధ్రువం (ఆకాశమంతా దేని చుట్టూ తిరుగుతున్నట్టు కనిపిస్తుందో ఆ బిందువు) వైపు సరిచేసి బిగించేశాను కాబట్టి రోజూ ఆ తంతూ తప్పింది.

ఇక వేడి. పగలు కాగిన షెడ్డులోంచి గాలి పైకి లేస్తుంటే బింబం మరుగుతున్నట్టు కనిపిస్తుంది. అందుకే పొద్దుగూకగానే కప్పు తెరిచి, గంట ఆగాకే చూడటం మొదలుపెడతాను.