ఫ్లెక్స్ మిషన్ నాజిళ్లు: ఓల్టేజిని ఎప్పుడు ముట్టుకోవాలి, ఎంత ముట్టుకోవాలి

ప్రింటులో గీతలు కనిపించగానే హెడ్డు (ఇంకు చుక్కలు చిమ్మే భాగం, దాని అడుగున ఉండే సన్న రంధ్రాలే నాజిళ్లు) ఓల్టేజి పెంచడం చాలా షాపుల్లో అలవాటైపోయింది. దాంతో గీత కొన్నాళ్లు దాగుతుందే గానీ కారణం అక్కడే ఉంటుంది. ఓల్టేజి ముట్టుకోవాల్సింది అన్నిటికన్నా చివర.

సాల్వెంట్ ఇంకుతో నడిచే ఫ్లెక్స్ మిషన్లలో ఎక్కువగా వాడేవి పీజో హెడ్లు, అంటే కరెంటు అందితే కదిలే పలుకులతో పనిచేసేవి. కరెంటు పల్స్ అందగానే హెడ్డులోని ఇంకు గది గోడ మొదట వెనక్కి జరిగి ఇంకును లోపలికి లాగుతుంది. కొన్ని మైక్రో సెకన్లు ఆగి, తర్వాత లోపలికి నొక్కి చుక్కను బయటికి తోస్తుంది. ఆ ఆగే సమయం గదిలోని ఇంకులో ఒత్తిడి అల ప్రయాణించే వేగానికి సరిపోవాలి. పల్స్ ఎంతసేపు, ఎలా ఇవ్వాలో చెప్పే వేవ్‌ఫామ్ ఫైలు చూసుకునేది ఈ లెక్కనే. ఇంకు కంపెనీ మారిస్తే పాత ఫైలుతోనే నడపకండి. ఆ హెడ్డుకు, ఆ ఇంకుకు సరిపోయే ఫైలు సప్లయర్‌ను అడిగి తీసుకోండి.

గీతలు వస్తే మొదట నాజిల్ చెక్ (ఏ నాజిల్ కొడుతోందో, ఏది కొట్టట్లేదో చూపే చిన్న ప్రింటు) కొట్టండి. తర్వాత ఒకే రంగు వంద శాతం నింపి మీటరు పొడవు ప్రింటు తీసి, వెంటనే మళ్లీ చెక్ కొట్టండి. రెండిట్లోనూ అవే నాజిళ్లు ఖాళీగా ఉంటే అడ్డు పడినట్టు, ఫ్లషింగ్ చేసి కడగాలి. మొదటిది నిండుగా వచ్చి రెండో దాంట్లో నాజిళ్లు మాయమైతే హెడ్డుకు ఇంకు చాలడం లేదు. అప్పుడు ఫిల్టరు, డాంపరు (హెడ్డుకు ముందుండే చిన్న ఇంకు డబ్బా), సబ్ ట్యాంకులో ఇంకు మట్టం, నెగెటివ్ ప్రెషర్ (ఇంకు కారకుండా పట్టి ఉంచే వెనక్కి లాగుడు) చూడండి. చెక్ కొట్టిన ప్రతిసారీ ఖాళీలు చోటు మారుతుంటే గాలి చొరబడినట్టే. ఒక వరుస మొత్తం ఒక్కసారే పోతే ఎంత కడిగినా లాభం లేదు, అది చాలావరకు కేబులో బోర్డో. మిషన్ ఆపకుండా హెడ్డు కేబులు పీకొద్దు. కనెక్టరు మీద ఇంకు తడి ఉండగా కరెంటు ఇస్తే హెడ్డుతో పాటు బోర్డూ కాలిపోతుంది.

ఇక వేడి. ఇంకు చల్లబడితే చిక్కబడి చుక్క మెల్లగా వస్తుంది, వేడెక్కితే పలచబడి దూకుతుంది. డిసెంబరు చలిలో పొద్దుగాల షాపు తెరవగానే ప్రింటు మొదలుపెట్టకండి. హెడ్డు పెట్టిన డిగ్రీకి చేరి, ఓ పావుగంట నిలకడగా ఉండనివ్వండి. ఎండాకాలం సంగతి ఇంకా గట్టిది, చాలామంది గమనించనిది. హెడ్డు హీటరు వేడి చేయగలదు, చల్లార్చలేదు. మే నెలలో హన్మకొండ రేకుల షెడ్డులో 42 డిగ్రీలుంటే, మీరు పెట్టుకున్న 38కి అర్థమే లేదు. ఇంకు షెడ్డు వేడినే పట్టుకుంటుంది. గదికి ఏసీ పెట్టండి. లేదంటే ఇంకు సప్లయర్ ఒప్పుకున్నంత మేర హీటరును గది వేడికన్నా రెండు మూడు డిగ్రీలు పైన ఉంచండి. అప్పుడే హెడ్డు వేడి మీ అదుపులో ఉంటుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాకే ఓల్టేజి. కొనికా మినోల్టా 512 రకం హెడ్ల మీద ఫ్యాక్టరీలో కొలిచిన ఓల్టేజి రాసి ఉంటుంది. ఒక్కో హెడ్డుది ఒక్కో అంకె, పక్కదానిది చూసి కొట్టొద్దు. ఆ అంకెతో మొదలుపెట్టి 0.3 ఓల్టు చొప్పున రెండు మెట్లు కిందికి, రెండు మెట్లు పైకి పోతూ ఒకే చిన్న అక్షరాల ముక్కను నలుపులో ఐదుసార్లు ప్రింటు చేయండి. కంసాలి వాడే పది రెట్ల భూతద్దంతో అక్షరం అంచు చూడండి. ఓల్టేజి తక్కువైతే గీతలోని చుక్కలు వరుస తప్పి, అంచు నలిగినట్టుంటుంది. ఎక్కువైతే అంచు నల్లగానే ఉంటుంది గానీ, దాని పక్కన పొడి చల్లినట్టు సన్నని చుక్కలు పడతాయి. చుక్క తోక తెగి విడిగా పడటమే అది. ఆ తుంపర నాజిల్ ప్లేటు మీద కూడా పేరుకుని, పక్క నాజిళ్లను వంకర కొట్టిస్తుంది. అంచు నలగకుండా, మీటరు పరీక్షలో నాజిల్ పోకుండా నిలిచే ఓల్టేజిల్లో అన్నిటికన్నా తక్కువది ఎంచుకోండి.

ఎప్సన్ హెడ్లకు హెడ్డు మీదున్న కోడ్‌ను సాఫ్ట్‌వేర్‌లో తప్పు లేకుండా ఎక్కించాలి. ఓల్టేజి లెక్క దాన్నుంచే వస్తుంది.

ఓల్టేజి మారితే చుక్క వేగం మారుతుంది, కాబట్టి రెండు వైపుల అలైన్‌మెంట్ (హెడ్డు పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ చుక్కలు ఒకేచోట పడేలా సరిచేయడం) మళ్లీ చేయక తప్పదు. లెక్క చూడండి: క్యారేజీ (హెడ్డును మోసుకుపోయే బండి) సెకనుకు 1 మీటరు, హెడ్డు గ్యాప్ (హెడ్డుకూ ఫ్లెక్స్‌కూ మధ్య ఎడం) 2 మి.మీ., చుక్క వేగం సెకనుకు 6 మీటర్లు. చుక్క కిందపడేలోపు 0.33 మి.మీ. ముందుకు జరుగుతుంది. వేగం 5కి తగ్గితే అది 0.4 అవుతుంది. పోయేటప్పుడు ఒకవైపు, వచ్చేటప్పుడు ఇంకోవైపు జరుగుతుంది కాబట్టి మొత్తం తేడా 0.13 మి.మీ.; సన్న అక్షరం జంటగా కనిపించడానికి అంత చాలు. గ్యాప్ ఎంత పెరిగితే ఈ తప్పు అంత పెరుగుతుంది. అందుకే ఫ్లెక్స్ ముడతలు హెడ్డుకు తగలనంత వరకే గ్యాప్ పెట్టండి. అలైన్‌మెంట్ చేశాక కూడా అక్షరాలు ఒక్కచోటే జరిగి మిగతా అంతా బాగుంటే హెడ్డును అనుమానించకండి, ఆ చోట ఎన్‌కోడర్ పట్టీ (క్యారేజీ ఎక్కడుందో మిషన్‌కు చెప్పే సన్న గీతల పట్టీ) మీద దుమ్ము గానీ ఇంకు మరక గానీ ఉంటుంది. పోగులు రాలని బట్టను నీళ్లతో కొద్దిగా తడిపి మెల్లగా తుడవండి. సాల్వెంట్ మాత్రం వాడొద్దు, పట్టీ మీది గీతలే చెరిగిపోతాయి.