పిడుగుల కాలంలో కొండెక్కే హామ్‌లకు

ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర మధ్యాహ్నం దాకా నిప్పులు చెరిగే ఎండ, సాయంత్రానికి గాలిదుమారం, ఉరుములు, పిడుగులు. పిల్లలకు సెలవులని, దారి పొడిగా ఉంటుందని మన హామ్‌లు, అంటే లైసెన్సు తీసుకుని సరదాకి రేడియోలో మాట్లాడుకునేవాళ్లు, రిగ్ (రేడియో సెట్టు) సంచిలో వేసుకుని కొండలెక్కేదీ ఈ నెలల్లోనే. మదనపల్లె దగ్గర హార్స్‌లీ హిల్స్ కావచ్చు, వికారాబాద్ పక్కన అనంతగిరి కావచ్చు, చుట్టూ ఉన్నవాటన్నిటికన్నా ఎత్తైన చోట తీగ నిలబెట్టి కూర్చునేది మనమే. అందుకే ఈ సీజన్‌లో యాంటెన్నా ఎంత దూరం పలుకుతుందో తర్వాత చూసుకుందాం. ఎంత త్వరగా దించగలమో ముందు చూడాలి.

40 మీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న బ్యాండ్‌కి ఎండ్-ఫెడ్ హాఫ్‌వేవ్ తీగ (ఒక చివర నుంచి రేడియోకి కలిపే, తరంగంలో సగం పొడవుండే యాంటెన్నా) దాదాపు 20 మీటర్లు కావాలి. 20 మీటర్ల బ్యాండ్‌కి 10 మీటర్లు చాలు. నన్నడిగితే ఈ రెండు నెలలూ చిన్నదే పట్టుకెళ్లండి. చెట్టుకొమ్మ మీదుగా తాడు విసిరితే అది చిక్కుకున్నప్పుడు గింజుకోవాల్సి వస్తుంది, పైగా చెట్టుకు తేనెపట్టు ఉంటే ప్రాణాల మీదకొస్తుంది. ఫైబర్‌గ్లాస్ టెలిస్కోపిక్ పోల్ అయితే క్షణాల్లో లోపలికి జారిపోతుంది. కార్బన్ ఫైబర్ కర్ర మాత్రం వద్దు, దాంట్లోంచి కరెంటు పారుతుంది. కరెంటు తీగలు లేని ఖాళీ స్థలం చూసుకుని, ఒకసారి వాచీ పెట్టుకుని ఎత్తి దించి చూడండి. దించడానికి రెండు నిమిషాలు దాటితే సామాను తగ్గించాల్సిందే.

ఎండ్-ఫెడ్‌తో ఇంకో మాట. 5 వాట్లకే తీగ చివర వంద వోల్టులు దాటతాయి. చుట్టూ మూగే పిల్లల చేతికి అందే ఎత్తులో ఉంచకండి.

మన చేతిలోని రిసీవరే మంచి హెచ్చరిక. ఎస్ఎస్‌బీలో (రేడియోలో మాట పంపే ఒక పద్ధతి) 40 మీటర్ల బ్యాండ్ వింటుంటే ఎక్కడో మెరుపు మెరిసినప్పుడల్లా స్పీకర్‌లో చర్రుమని గీరినట్టు వస్తుంది. వందల కిలోమీటర్ల అవతలివీ వినిపిస్తాయి కాబట్టి ఒకటి రెండింటికి కంగారు అక్కర్లేదు. ఆ చర్రులు నిమిషనిమిషానికీ పెరిగి, అవతలివాళ్ల మాటను మింగేస్తుంటే లేచి నాలుగు దిక్కులా చూడండి. 2 మీటర్ల ఎఫ్ఎం మీద మాట్లాడుతున్నవాళ్లకు ఈ సూచన సరిగా అందదు. అందుకని కింద ఇంట్లో ఉన్న హామ్ మిత్రుడికి ఒక పని అప్పగించండి: పుణేలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్ల దామిని యాప్ తెరిచి పెట్టుకుని, మీ చుట్టుపక్కల పిడుగులు కనిపిస్తే రేడియోలో చెప్పమనండి. కొండ మీద ఫోన్‌కి సిగ్నల్ లేకపోయినా రేడియో అందుతుంది కదా.

మెరుపు కనిపించాక ఉరుము వినబడేదాకా లెక్కపెట్టండి. 3 సెకన్లకు ఒక కిలోమీటరు. 30 సెకన్లలోపే వినబడిందంటే మబ్బు పది కిలోమీటర్లలోకి వచ్చేసినట్టే. అప్పుడిక ‘ఈ ఒక్క క్యూఎస్ఓ’ (రేడియో సంభాషణ) అని కూర్చోకూడదు. యాంటెన్నా దించే పని ఉరుము వినకముందే అయిపోవాలి. వినబడ్డాక తీగనూ కోయాక్స్‌నూ (యాంటెన్నా నుంచి రేడియోకి వచ్చే కేబుల్) ముట్టుకోకుండా అలాగే వదిలేసి దిగండి. విప్పిన కోయాక్స్ కనెక్టర్‌లో టిక్‌టిక్‌మని నిప్పురవ్వలు దూకుతున్నా, ఒంటి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుంటున్నా అదే మాట. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా పైకి రావద్దు.

శిఖరం మీదే కూర్చోవాలన్న పట్టింపూ వద్దు. సోటా (సమ్మిట్స్ ఆన్ ది ఎయిర్, శిఖరాల నుంచి రేడియోలో పలికి పాయింట్లు సంపాదించే కార్యక్రమం) నిబంధనల్లోనే శిఖరానికి 25 మీటర్ల ఎత్తు తేడాలోపు ఎక్కడి నుంచైనా పలకొచ్చని ఉంది, నాలుగు కాంటాక్టులైతే పాయింట్లు వచ్చేస్తాయి. కాస్త కిందికి, దిగే దారికి దగ్గరగా కూర్చోండి. తలదాచుకోవడానికి అద్దాలు మూసిన కారు మంచిది. ఒంటరి చెట్టు, టెంటు, బండరాతి చరియ కింద, నాలుగువైపులా తెరిచి ఉన్న గుడి మండపం, ఇవేవీ పిడుగును ఆపవు. ఎక్కడా దారి లేకపోతే ఒకరికొకరు దూరంగా, పాదాలు దగ్గరగా పెట్టి గొంతుకూర్చోండి. పడుకోకండి.

మిగతావి క్లుప్తంగా. లిథియం బ్యాటరీని ఎండలో కాలిన బండ మీద పెట్టి సోలార్ ప్యానెల్‌తో ఛార్జ్ చేయొద్దు, నీడలో ఉంచండి. నీళ్లు, ఓఆర్ఎస్ ఎక్కువే మోయండి. కోతులు తీగ లాగుతాయి, కాపలాకు ఒక మనిషి ఉండాలి. రిజర్వ్ ఫారెస్ట్ అయితే అటవీశాఖ అనుమతి తీసుకోండి. లైసెన్సు దగ్గరుంచుకోండి, ఇంటి అడ్రసు కాక వేరేచోట నుంచి పలకడానికి నిబంధనలు ఏం చెబుతున్నాయో ముందే చూసుకోండి. కింద ఊళ్లో ఒకరికి చెప్పి ఎక్కితే ఊరివాళ్లకు మీ మీద అనుమానాలూ ఉండవు, మీరు దిగకపోతే వెతికేవాళ్లూ ఉంటారు.

ఎవరికైనా పిడుగు తగిలితే ముట్టుకోవడానికి భయపడకండి, ఒంట్లో కరెంటు నిలిచి ఉండదు. ఊపిరి లేకపోతే వెంటనే సీపీఆర్ మొదలుపెట్టి, రెండో మనిషితో 108కి ఫోన్ చేయించండి. ఫోన్ పలకకపోతే హ్యాండ్‌హెల్డ్‌లో (చేతి రేడియో) కింది మిత్రుడికి చెప్పండి, అక్కణ్నుంచి ఆయన చేస్తాడు.